సహోదరి డెకోరిన్ కోసం

జగ్గయ్యపేట,
2007 జూన్

నందిగామలో ఉండే రిటైర్డ్ మాస్టారు, మా వియ్యంకులు రత్తయ్య గారికి కొండలరావు వందనాలు.

గారు అన్నానని మురిసిపోకు. నాకు కోపమొస్తేనే నువ్వు గారువి అవుతావని నీకు తెలుసు. పెనుగంచిప్రోలు బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నప్పట్నించీ ఇదే వరస. నా కొడుక్కి నీ కూతుర్ని చేసుకున్నాక బావా అనడం ఒకటి అదనంగా నేర్చుకున్నా, అంతే.

ఫోన్ చేసి తిడదామంటే నీకు గొంతు లేదాయె. పోయినేడు గుంటూరు డాక్టర్లు కాన్సరని చెప్పి నీ స్వరపేటిక తీసేసి మెడకి బెజ్జం పెట్టి పంపారు. పోనీ బస్సెక్కి వద్దామంటే, నువ్వు పలక మీద ఒక మాట రాసేలోపు నేను పది అనేస్తా, నువ్వు బలపం విసిరి కొడతావు. అందుకని ఈ కాయితం.

సంగతేంటంటే, మన స్టీవెన్ మొన్న మీ ఇంటి మీదుగా వస్తా ఒక మాట చెప్పాడు. వాళ్ళక్క జాయిస్ నీకు ఉత్తరాలు రాస్తుందంట. ఒకటీ అరా కాదంట, నీ ట్రంకుపెట్టె నిండిందంట.

జాయిస్ నీకొక్కడికే మనవరాలా? నా కొడుకు కూతురు కాదా? నా ఇంటిపేరు పెట్టుకుని హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల నాకేం పంపుద్దో చెప్పనా? మిస్డ్ కాల్. ఒక్కసారి కుయ్యిమని ఆగిపోద్ది. మా ఇంటిది ఆరోగ్యమ్మ తిరిగి చేసుద్ది. అది మాట్లాడుద్ది, మాట్లాడుద్ది, బ్యాలెన్సు అయిపోయేదాకా మాట్లాడుద్ది. "తాతయ్య బాగున్నాడా" అని ఆ పిల్ల అడిగితే "ఆఁ, ఎదురుగా కూర్చుని నన్ను మింగేసేటట్టు చూస్తున్నాడు" అని ఆరోగ్యమ్మే చెప్పేసుద్ది. ఇంక నాకు మాట్లాడ్డానికేం మిగిలింది?

నీ గొంతు పోయినప్పుడు నేను నిజంగానే ఏడ్చా. ఇప్పుడు చూస్తే నీకేదో లాభం బేరంలాగే ఉంది.

ఇంకోటి. జాయిస్ మేట్రిక్సు మీద చదువుతుందని స్టీవెన్ అన్నాడు. ఇన్నేళ్ళు చదివి ఆ పిల్ల ఇంకా మెట్రిక్ దగ్గరే ఉందా? నువ్వు మెట్రిక్ పాసయ్యావని, నేను ఐదులోనే మానేశానని జన్మంతా నన్ను దెప్పావు. ఆ పిల్ల తప్పిందంటే మాత్రం నా పోలికే అని అందరికీ చెప్పు.

ఆ ఉత్తరాలు ఇటు పంపు. చదువుకుని మళ్ళీ పంపిస్తా.

కొండలరావు


నందిగామ,
2007 జూన్

కొండలూ,

ఉత్తరాలు పంపను. ఒకరికి రాసినవి ఇంకొకరు చదవకూడదు. ఈ సంగతి ఆరో తరగతిలో చెప్తారు, అందుకే నీకు తెలియలేదు.

ఆ పిల్ల నాకు ఎందుకు రాస్తుందో ఆలోచించావా? ఫోన్ చేస్తే నేను పలకను. మెడలోంచి గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఒకసారి ఆ చప్పుడు విని ఏడ్చి, అప్పట్నించి కలం పట్టింది.

అది మెట్రిక్ కాదురా, మేట్రిక్స్. మన ఒళ్ళు కణాలతో కట్టిన ఊరనుకో. ఊరంటే ఇళ్ళే అనుకుంటాం గానీ ఇంటికీ ఇంటికీ మధ్య సందులున్నాయి కదా, నీళ్ళు పారేదీ కబుర్లు తిరిగేదీ అక్కడే. ఆ సందుల పేరే మేట్రిక్స్. కాన్సరు ఇంట్లో పుట్టినా దాన్ని పెంచేదో తుంచేదో ఆ సందేనంటుంది జాయిస్.

అక్కడ డెకోరిన్, బిగ్లికాన్ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. మన జాయిస్‌కి పొద్దున లేస్తే వాళ్ళిద్దరితోనే పని. డెకోరిన్ శాంతం మనిషి. ఎక్కడన్నా గడ్డ పెరుగుతుంటే వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపుతుంది. బిగ్లికాన్ అలా కాదు. తన చోట తనున్నంతసేపూ మంచిదే, చోటు కదిలిందా, వీధిలోకొచ్చి కేకలు పెడుతుంది. ఆ కేకలకి ఊరంతా పోగై వాపులూ మంటలూ మొదలవుతాయి.

ఆగస్టులో నాకు మళ్ళీ స్కానింగు. ఏం లేదులే, మామూలుగా చూసేదే. చెల్లెమ్మ ఆరోగ్యమ్మకు నా వందనాలు చెప్పు.

రత్తయ్య


జగ్గయ్యపేట,
2007 జులై

ఒరే రత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చిన కాడ్నించీ నాకు కడుపు మండిపోతుంది. ఆ డెకోరిన్ ఎవరో గానీ రోజూ మన పిల్లని చూస్తది, దాంతో కలిసి భోంచేస్తది. నాకు మిస్డ్ కాలు. సరే, మంచి పిల్లంటున్నావు, గడ్డలు ఆపుద్దంటున్నావు. పేరు చూస్తే మనోళ్ళే అనిపించింది. మన చందర్లపాడు చర్చిలో డోరీన్ అని ఒక పిల్ల ఉండేది కాదూ, అట్టాంటి పేరే.

నీకు ఆగస్టులో స్కానింగు అన్నావు. "ఏం లేదులే" అన్నావంటే ఏదో ఉన్నట్టే. అందుకని మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి వెళ్ళా. "అయ్యా, మా మనవరాలి దగ్గర డెకోరిన్ అని ఒక సహోదరి పనిచేస్తుంది. ఆమె చెయ్యి పడితే కాన్సరు ఆగిపోద్దంట. ఆమెకు బలం ఇమ్మని ప్రార్థన పెట్టండి, మా వియ్యంకుడికి అవసరం" అని చెప్పా. ఆయన వేదిక మీద నిలబడి గట్టిగా చదివాడు. సహోదరి డెకోరిన్ ఆరోగ్యం కోసం, ఆమె చేతుల బలం కోసం అని. సంఘమంతా ఆమెన్ అంది. సౌభాగ్యమ్మ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆ పిల్లకు పెళ్ళయిందా కొండలన్నా, మా మరిది కొడుకున్నాడు" అని అడిగింది.

ఆరోగ్యమ్మ గోంగూర పచ్చడి సీసా కట్టి స్టీవెన్‌తో హైదరాబాదు పంపింది. పైన చీటీ కూడా అంటించింది, "డెకోరిన్ అమ్మాయికి" అని. బిగ్లికాన్‌కి ఏమీ పంపలా. గొడవలు పెట్టేవాళ్ళకి పచ్చడి ఎందుకు?

ఇంక వాగుడు ఆపమని ఆరోగ్యమ్మ తిడుతుంది, ఆపేస్తున్నా. స్కానింగు అయ్యాక రాయి.

కొండలరావు


నందిగామ,
2007 ఆగస్టు

కొండలూ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. గొంతు పోయాక ఇంతగా నవ్వడం ఇదే మొదలు. నోట్లోంచి చప్పుడు రాదు, మెడ బెజ్జంలోంచి గాలి ఈల వేస్తుంది. మీ చెల్లెలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

డెకోరిన్ మనిషి కాదురా. ఒంట్లో ఉండే ఒక అణువు. నేనే కావాలని అక్కచెల్లెళ్ళని రాశాను, నువ్వు పడతావని తెలుసు. సజ్జ కంకి చూశావుగా, నడుమ కాడ, చుట్టూ గింజలు. అలాగే ప్రొటీన్ ఒక కాడ, దానికి చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఇలాంటి వాటికి ప్రొటియోగ్లైకాన్లని పేరు. ఈ రెండింటికీ కాడలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి అక్కచెల్లెళ్ళన్నాను. కాన్సరు కణానికి "పెరుగు, పెరుగు" అని కబురు అందే తలుపొకటి ఉంటుంది. డెకోరిన్ వెళ్ళి ఆ తలుపుకి అడ్డం పడుతుంది. అదీ కథ.

పచ్చడి జాయిస్ ల్యాబులో అందరూ కలిసి తినేశారట. సీసా మీద చీటీ మాత్రం గోడకి అంటించుకున్నారట.

స్కానింగు బాగానే వచ్చింది. నీ ప్రార్థన వల్లేనని నువ్వంటావు, కాదని నేననను.

నువ్వు నన్ను చూసి కుళ్ళుకుంటున్నావు కాబట్టి నా కుళ్ళు కూడా చెప్తాను, విను. వాగుడు ఆపమని ఆరోగ్యమ్మ నిన్ను తిడుతుందని రాశావే, ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. నన్ను ఆపమని తిట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

రత్తయ్య


జగ్గయ్యపేట,
2007 సెప్టెంబరు

గౌరవనీయులైన రత్తయ్య గారికి,

మీరు చేసిన పని ఏమంత బాగోలేదండి. మా సంఘం ఒక సజ్జ కంకి కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేసింది. ఈ సంగతి నేను పాస్టరు గారికి చెప్పలా, చెప్పను కూడా. సౌభాగ్యమ్మ పెళ్ళిచూపులు ఎప్పుడని అడుగుతుంటే సందు మార్చి తిరుగుతున్నా. ఇదంతా మీరూ, మీ మనవరాలూ, మీ ఉత్తరాలూ కలిసి చేసిందే.

ఇక నా వంతు.

నిన్న జాయిస్‌కి ఉత్తరం రాసా. తాతయ్యకు నాలుక కింద పుండు లేచిందనీ, చాన్నాళ్ళ నించీ మానడం లేదనీ, ఎవరికీ చెప్పలేదనీ, నీకొక్కదానికే చెప్తున్నాననీ రాసా. పుండు లేదు, ఏమీ లేదు. నా నాలుక నీకు తెలుసుగా, గుర్రంలాగుంది. గొంతు పోయినోడికి పెట్టెడు ఉత్తరాలొస్తే నాలుక పుండోడికి ఒక్కటన్నా రాదా? రెండు పక్కలా రాసిన ఉత్తరం ఒక్కటొస్తే చాలు. సంకనబెట్టుకుని చర్చికి తీసుకెళ్తా.

నువ్వు ఎవరికీ చెప్పవని నాకు ధీమా. చెప్పడానికి నీకు నోరెక్కడిది?

కొండలరావు


హైదరాబాదు,
2007 అక్టోబరు

తాతయ్యా,

నా దగ్గర్నుంచి ఉత్తరం కావాలన్నావుగా. ఇదిగో.

నీ పుండు ఉత్తరం ల్యాబులో ఉండగా అందింది. చదివిన వెంటనే బస్సెక్కాను. దారంతా రత్తయ్య తాతయ్య మెడలోంచి వచ్చే ఈలే చెవుల్లో వినపడుతూ ఉంది. మన జగ్గయ్యపేటలో పళ్ళ డాక్టరు టార్చి వేసి నీ నాలుక ఎత్తి చూసి ఏం లేదంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నువ్వు నవ్వావు. "ఉత్తరం రాస్తావనుకుంటే నువ్వే వచ్చేశావు, నాకు డబల్ ప్రమోషను" అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేకపోతున్నాను.

ఇక్కడ ఏం వదిలేసి వచ్చానో నీకు తెలియాలి. నా దగ్గర గిన్నెల్లో కణాలు పెరుగుతుంటాయి. వాటిని కొంతసేపు పస్తు పెడతాను. తిండి దొరక్కపోతే కణం తనలో ఉన్న పాత సామాను, విరిగినవి, పనికిరానివి తనే తినేసి శుభ్రపడి బతుకుతుంది. దాన్ని ఆటోఫేజీ అంటారు. నానమ్మ ఈస్టరు ముందు లెంట్ ఉపవాసం ఉండి "ఒళ్ళు కడిగేసినట్టుంది" అంటుంది చూడు, అట్లాంటిదే. ఆ శుభ్రం మొదలుపెట్టమని చెప్పేది డెకోరినేనేమోనని నా అనుమానం. అది నిజమైతే గడ్డల్ని లోపల్నుంచే తగ్గించే దారేదన్నా దొరకొచ్చు. కాదు, కాన్సరు కణం ఆ ఉపవాసంతోనే మొండికెత్తి బతికిపోతుందేమో, అది కూడా చూడాలి. ఏడాదిగా ఇదే నా పని. పస్తు పెట్టిన కణాల్ని సమయానికి తీసి చూడాలి. నేను నీ దగ్గరకొచ్చాను, అవన్నీ చచ్చిపోయాయి. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి.

కణాలు పోయాయని కాదు నా కోపం. నీకు నిజంగా పుండే ఉంటే పోతేపోనీ అనుకునేదాన్ని. ఇంకెప్పుడూ నీ ఒంట్లో బాగోలేదని నువ్వు చెప్తే నేను నమ్మను తాతయ్యా. నాకు చేతకాదు.

జాయిస్


జగ్గయ్యపేట,
2007 డిసెంబరు

ఒరే రత్తయ్యా,

నాకూ ఉత్తరం వచ్చింది. రెండు పక్కలా రాసింది. గెలిచానో ఓడానో నువ్వే చెప్పు. ఆరోగ్యమ్మకి చదివి వినిపించా, కొన్ని ముక్కలు వదిలేసి. "మధ్యలో ఆగుతున్నావేంటి, అక్షరాలు కనపడట్లేదా" అంది. కనపడట్లేదన్నా.

అది నాటకమని నువ్వు జాయిస్‌కి రాసిన కార్డు ఆ పిల్ల బయల్దేరాక హాస్టలుకి చేరిందంట. నోరు లేకపోయినా చెప్పేశావు కదరా, దొంగా.

ఇప్పుడు మిస్డ్ కాలు కూడా రావడంలా. వస్తే ఆరోగ్యమ్మకే. నా కొడుకు ఫోన్లో "నాన్న నాటకాలకి ఇంక టిక్కెట్టు కొనేవాళ్ళు లేరు" అన్నాడంట. నిజమే మరి.

పత్తి తీత అయిపోయింది. ఈసారి దిగుబడి పర్లేదు. చలి బాగుంది. ఆరోగ్యమ్మ కొత్త పండుమిర్చి పచ్చడి నూరింది గానీ నేను ముట్టలా. క్రిస్మస్ దాకా కారం మానేద్దామనుకున్నా, వయసొచ్చింది కదా, ఉపవాసంలాగా ఉంటది. పెరుగన్నం మెత్తగా కలిపించుకుని తింటున్నా. పొగాకు కాడ కూడా బుగ్గన పెట్టడం మానేసా, నువ్వెప్పుడూ చెప్తావుగా మానమని. చూశావా, నీ మాట విన్నా.

జాయిస్ నీకు ఇంకా రాస్తుందా? రాస్తే అందులో నా మాటేమన్నా ఉంటదా? ఊరికే అడిగా.

కొండలరావు


నందిగామ,
2007 డిసెంబరు

కొండలూ,

నోరు తెరిచి చూపించు.

పెనుగంచిప్రోలు బళ్ళో చద్దన్నంలోకి పచ్చి మిరపకాయ కొరుక్కుతిన్నవాడివి. నీ పెళ్ళిరోజున కూడా బుగ్గన పొగాకు కాడ పెట్టుకుని కూర్చున్నావు, పాస్టరు గారు ఉమ్మేసి రమ్మంటేనే లేచావు. నువ్వు మాట విన్నావంటే నేను నమ్మను. వినకుండా ఉండలేక విన్నావు.

గుంటూరు వెళ్ళక ముందు నేనూ పచ్చడి మానేశాను. ఎందుకని అడిగితే గ్యాసన్నాను. ఇంటి దగ్గర పిల్లలకి పాఠం చెప్తుంటే గొంతు బొంగురు పోయేది, ఇన్నేళ్ళూ మింగిన సుద్దముక్క పొడన్నాను. అందరూ నమ్మారు. నమ్మకపోయుంటే ఈరోజు నీకు ఈ ముక్కలు ఫోన్లో చెప్పేవాణ్ణి.

డాక్టరు నాలుక కింద చూశాడు. నువ్వు అక్కడని చెప్పావు కాబట్టి అక్కడే చూశాడు. పొగాకు పెట్టేది బుగ్గన కదా. బుగ్గలో ఏముంది?

తిరుగు టపాలో రాయి. సోది రాయొద్దు.

రత్తయ్య


జగ్గయ్యపేట,
2008 జనవరి

రత్తయ్యా,

ఎడమ బుగ్గలో తెల్లగా అట్ట కట్టింది. దాని నడుమ ఎర్రగా పుండు. అద్దంలో చూసుకున్నా. నేను నాలుక కింద అని అబద్ధం రాసిన రోజున కూడా అది అక్కడే ఉందనుకుంటా, అప్పుడు నొప్పిలేదు. డాక్టరు టార్చి వేసినప్పుడు అంగుళం పక్కకి తిప్పితే కనపడేది. నేనే నాలుక ఎత్తి చూపించి, ఆయన చెయ్యి అటు పోకుండా చేసా.

ఇప్పుడు ముద్ద పెద్దది పెట్టలేకపోతున్నా. నోరు పూర్తిగా తెరుచుకోడంలా. దవడ కింద కూడా ఏదో తగులుతుంది, బఠాణీ అంత.

ఆరోగ్యమ్మకి చెప్పా. "ఈసారి బుగ్గా? మొన్న నాలుక, వచ్చే నెల ముక్కా?" అని నవ్వి గిన్నెలు తోమడానికి పోయింది. దాని తప్పు కాదు. కొడుక్కి ఫోన్ చేయించా, "మళ్ళీ మొదలెట్టాడా" అన్నాడంట. జాయిస్‌కి రాయడానికి కూర్చున్నా. "తాతయ్యకి" అని రాసి ఆగిపోయా. ఆ పిల్ల ముందే చెప్పింది, నమ్మనని. నమ్మి వస్తే మళ్ళీ దాని గిన్నెలు పాడవుతయ్యి. నమ్మకపోతే నేను పాడవుతా. రెంటిలో ఏది మంచిదో తేలక కాయితం చింపేసా.

నీ ఉత్తరాలు చూసి కుళ్ళుకున్నా. ఆ మాట దేవుడు విన్నాడు గానీ సగమే విన్నాడు. ఉత్తరాలు నాకు కావాలన్నా, జబ్బు నాకు కావాలన్లా. లేకపోతే ఏమో, నేనే కుళ్ళుకుని కుళ్ళుకుని దాన్ని పిలిచానేమో. నీ బిగ్లికాన్‌లాగా చోటు కదిలి కేకలు పెట్టింది నేనే కదా.

నాకు చావంటే భయంలేదు. మాట పోద్దేమోనని భయం. నీకు గొంతు పోయినా నీ దగ్గర చదువుంది, కలం ఉంది, నిదానం ఉంది. నేను నోటితోనే బతికా. అది తీసేస్తే నా దగ్గర ఇంకేం ఉంటది? ఎవర్ని ఏడిపిస్తా?

కొండలరావు


నందిగామ,
2008 జనవరి

ఒరే కొండలూ,

నువ్వు పిలిస్తే వచ్చేది జబ్బు కాదు, నేను. పిలవకపోయినా వస్తున్నాను.

సోమవారం పొద్దున మొదటి బస్సుకి రా. నందిగామ బస్టాండులో నేను నిలబడి ఉంటాను, మెడకి తెల్లగుడ్డ కట్టుకున్నవాణ్ణి, గుర్తుపడతావులే. ఇద్దరం కలిసి గుంటూరు వెళ్దాం. నన్ను కోసిన డాక్టరే చూస్తాడు. ఆయన నాలుక కింద చూసినా, నేను చూపుడువేలు బుగ్గ మీద పెట్టి కూర్చుంటాను, కదలను.

జాయిస్‌కి రాశాను. ఏం రాశానో నీకూ తెలియాలి.

"అమ్మా, మీ తాతయ్య బుగ్గలో పుండుంది. ఈసారి ఆయన నీకు చెప్పలేదు, నేను చెప్తున్నాను. ఆయనకి నోరుంది కాబట్టి ఆయన మాట ఎవరూ నమ్మడం లేదు. నాకు నోరు లేదు కదా, నన్ను నమ్ము."

నమ్ముతుంది. పోయిన సెప్టెంబరులో నువ్వు నన్ను ఒక మాటన్నావు గుర్తుందా, చెప్పడానికి నీకు నోరెక్కడిదని. ఇప్పుడు ఆ లేని నోరే నీకు పనికొచ్చింది.

పలక కూడా తెస్తాను. కొన్నాళ్ళు నీకు అవసరం అవుతుంది. బలపాలు నీ సొంతవి తెచ్చుకో.

రత్తయ్య


నందిగామ,
2008 మార్చి

గుంటూరు ఆసుపత్రిలో ఉంటున్న కొండలరావు గారికి,

గారు అని ఎందుకన్నానో నువ్వే ఆలోచించు.

ఆపరేషన్ రోజు నేను పక్కనే ఉన్నాను, ముక్క తీశారు, అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు, బఠాణీ వట్టి వాపేనన్నారు, నాలుక జోలికి పోలేదన్నారు. అదంతా సంతోషం. నేనింటికొచ్చాను. వచ్చిన కాడ్నించీ నాకు ఉత్తరం లేదు.

భావనారాయణ అని మా పోస్టుమాన్, రోజూ గుమ్మం ముందు సైకిల్ ఆపి తల అడ్డంగా ఊపి పోతున్నాడు. జాయిస్ ల్యాబుకి సెలవు పెట్టి నీ మంచం పక్కన కూర్చుందని మా అమ్మాయి చెప్పింది. నువ్వు నా పలక మీద రాస్తావంట, అది చదివి నవ్వుతుందంట, తను కూడా పలక లాక్కుని కింద జవాబు రాస్తుందంట. నోటితో మాట్లాడగలిగిన పిల్ల నీతో రాతలో మాట్లాడుతుందంటే నాకేమనిపిస్తుంది? ఆ పలక నాదిరా.

చెరిపేసే ముందు ఏమేం రాసిందో నాకు రాసి పంపు. ఒకరికి రాసినవి ఇంకొకరు చదవకూడదని నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రత్తయ్య


జగ్గయ్యపేట,
2008 జూన్

ఒరే రత్తయ్యా,

ఇంటికొచ్చా. మాట వస్తుంది గానీ బుగ్గ బిగుసుకుపోయి "ప" అంటే "హ" అంటుంది. పచ్చడి పెట్టమంటే హచ్చడి అన్నా, ఆరోగ్యమ్మ నవ్వలేక పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. తర్వాత తిట్టింది, "ఇక వాగుడు ఆపు, బుగ్గ మళ్ళీ వాచుద్ది" అని. ఆ మాట నీకోసం రాస్తున్నా, కుళ్ళుకో.

ఆసుపత్రిలో జాయిస్‌ని అడిగా, నా బుగ్గ ముక్కలో నీ డెకోరిన్ ఉందా అని. కాన్సరు గడ్డల చుట్టూ అది తగ్గిపోయి ఉంటదని అంది. అదెట్టా తగ్గుద్ది, సంఘమంతా దాని కోసం ప్రార్థన చేసింది కదా అని పలక మీద రాసా. అది చదివి నా భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నవ్విందో ఏడ్చిందో, ఒళ్ళు ఊగింది. సారీ అని రాద్దామని బలపం తీస్తే చెయ్యి పట్టుకుని ఆపింది. ఇదిగో, పలక మీద రాతల్లో నీకు చెప్పేది ఇదొక్కటే. మిగతావి చెరిపేసా.

పాస్టరు గారికి నిజం చెప్పేసా. డెకోరిన్ మనిషి కాదండి, ఒంట్లో సరుకండి, ప్రార్థన చీటీలోంచి కొట్టెయ్యండి అన్నా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అందరి ఒంట్లోనూ ఉంటదా కొండలరావూ" అన్నాడు. ఉంటదంట అన్నా. "అయితే ఉండనీలే" అన్నాడు. మొన్న ఆదివారం కూడా సహోదరి డెకోరిన్ చేతుల బలం కోసం ఆమెన్ చెప్పాం. సౌభాగ్యమ్మకి మాత్రం ఎవరూ చెప్పలా. మరిది కొడుక్కి వేరే సంబంధం కుదిరిందంట, డెకోరిన్‌కి ఏమన్నా బాధేస్తుందేమోనని ఆమె దిగులు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న జాయిస్ దగ్గర్నించి కవరు వచ్చింది. కణాలు మళ్ళీ పెంచిందంట, మళ్ళీ పస్తు పెట్టిందంట, ఈసారి సమయానికి తీసి చూసిందంట. ఆశగానే ఉంది గానీ ఇప్పుడే ఏమీ అనలేనని రాసింది. మూణ్ణెల్లకోసారి ఇద్దరూ కలిసి గుంటూరు వెళ్ళి చూపించుకోవాలని, ఒకరి నోరు ఇంకొకరు చూసుకోవాలని రాసింది. ఇకమీదట ఉత్తరం ఒక్కటే రాస్తదంట, ఇద్దరికీ కలిపి. ఒకసారి నా ఇంటికి, ఇంకోసారి నీ ఇంటికి. చదివినోడు బస్సెక్కి రెండోవాడికి తీసుకెళ్ళి ఇవ్వాలంట. పోస్టులో పంపకూడదంట. తెలివైన పిల్ల, మనిద్దరి కుళ్ళూ ఒకే కవర్లో పెట్టి అంటించింది.

గురువారం వస్తున్నా. నీ పలక కూడా తెస్తున్నా. ఉత్తరం ముందు నేను రెండుసార్లు చదివాకే తెస్తా, ఆ మాట ఇప్పుడే చెప్తున్నా.

కవరు మీద ఇద్దరి పేర్లూ రాసింది. నా పేరు ముందుంది. అక్షరాల వరసలో క ముందొస్తది, ర తర్వాతొస్తది, అందుకే అట్టా రాసిందని నువ్వంటావు. మెట్రిక్ పాసైనోడివి, నువ్వు అట్టాగే అంటావు.

కొండలరావు